నర్సమ్మ ఎడమ చెయ్యి

2022 వర్షాకాలం. సికింద్రాబాద్ బోయిగూడలో మాది రెండు గదుల అద్దె వాటా. కిటికీ కింద నా నిట్టింగ్ మిషన్. అప్పటికి పదకొండేళ్ళుగా నేను ఇంగ్లండు నుంచి వెలువడే ఒక చిన్న పత్రికకు డిజైన్లు పంపుతున్నాను. ఇంట్లో నిట్టింగ్ మిషన్ ఉన్నవాళ్ళ కోసం మూడు నెలలకొకసారి వచ్చే పత్రిక అది. ఒక దుస్తును ఊహించి, దాన్ని స్వయంగా అల్లి, ఏ సూదితో మొదలుపెట్టాలో, ఎన్ని వరసలకు ఎన్ని లూపులు తగ్గించాలో అంతా రాసి పంపడం నా పని. ఆ రాతను ప్యాటర్న్ అంటారు. నా మొహం ఎన్నడూ చూడని మనిషి ఎక్కడో కూర్చుని, ఆ రాతను మాత్రమే చూసి అదే దుస్తును అల్లుకోగలగాలి.

ఈ పనిలోకి నేను అవసరం కొద్దీ వచ్చాను. ఆ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. జాలిపడి ఎవరైనా అడిగితే మాత్రం చెప్పను. మాది విజయనగరం వైపు కుటుంబం. మా నాయనమ్మ రోజుల్లో దర్జీ ఇంటికి వచ్చి, తలుపుకు అవతల కూర్చుని, లోపలి నుంచి పనిమనిషి చెప్పిన కొలతలు రాసుకునేవాడట. మా నాన్నగారి కాలానికి భూములు పోయాయి, ఇల్లు పోయింది, మా ఇంటిపేరు వినగానే లేచి నిలబడే మనుషులూ పోయారు. మా అమ్మ పెళ్ళినాటి ఈ నిట్టింగ్ మిషన్ ఒక్కటి మిగిలింది. దాన్ని అమ్మడానికి ఆవిడ ఒప్పుకోలేదు. మొదటిసారి నేను టేపు పట్టుకుని ఒక పరాయి మనిషి చంక కింద కొలత తీసిన రోజున నా వీపు ఎలా బిగుసుకుపోయిందో నాకింకా గుర్తుంది. ఆ బిగువు ఇప్పటికీ పూర్తిగా సడలలేదు.

మిషన్ అంటే కరెంటుతో నడిచేది కాదు. బల్లకు బిగించిన పొడవాటి ఇనుప బెడ్, దాని మీద పక్కపక్కనే రెండు వందల సూదులు. ప్రతి సూది కొసనా చిన్న కొక్కెం. క్యారేజ్ అనే బరువైన పెట్టెను చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు తోస్తే ఒక వరస అల్లిక పూర్తవుతుంది. మళ్ళీ వెనక్కి తోస్తే ఇంకో వరస. ఇందులో ఒక చిత్రముంది. అల్లే మనిషికి ఎదురుగా కనిపించేది బట్ట వెనక భాగం. చిన్న చిన్న అలలు అడ్డంగా పేర్చినట్టు గరుకుగా ఉండే ఆ వైపును నిట్టింగ్ భాషలో రాంగ్ సైడ్ అంటారు. నున్నటి రైట్ సైడ్ మిషన్ వైపు తిరిగి ఉంటుంది. అంటే, గాజు పలక వెనక నిలబడి ముందున్నవాళ్ళ కోసం అక్షరాలు రాస్తున్నట్టు, బట్టను వెనక నుంచి చూస్తూ అల్లాలి. అందుకే వేసుకునే మనిషి కుడి ఎడమలు మిషన్ మీద తారుమారవుతాయి. కాగితం మీది బొమ్మను ఒకసారి అటుదిటు తిప్పి గీసుకుని, అప్పుడు మొదలుపెట్టాలి. ఈ విద్యలో అది మొదటి పాఠం.

ఆ జూలైలో పత్రిక సంపాదకురాలు ఉత్తరం రాసింది. చలికాలం సంచికకు ప్రతి డిజైనరూ ఒక్కో మనిషిని వెతుక్కోవాలి. బజారులో దొరికే దుస్తులేవీ సరిపడని మనిషి అయివుండాలి. ఆ మనిషి కోసం అల్లి, అదే ఇబ్బంది ఉన్న ఇతరులు కూడా అల్లుకునేలా రాయాలి.

నాకు వెతుక్కునే అవసరం రాలేదు. మోండా మార్కెట్లో నేను నిమ్మకాయలు కొనే నర్సమ్మ వారంలో మూడు రోజులు కనిపించడం మానేసింది. నేను బుట్ట మీదికి వంగి కాయలు ఏరను. నిలబడి ఎన్ని కావాలో చెబుతాను, ఆమె ఏరి ఇస్తుంది. అందుకని ఆమె నన్ను దొరసాని అంటుంది. అందులో సగం గౌరవం, సగం ఎగతాళి. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"ఏం నర్సమ్మా, మొన్నంతా కనిపించలేదు?"

"మంగళారం, బేస్తారం, శనారం డ్యూటీకి పోతున్న దొరసాని."

"ఏం డ్యూటీ?"

"డయాలసిస్. కిడ్నీలు ఖరాబైనయి. ఆడ మిషన్ నా నెత్తురు తాగుతది, కడిగి మళ్ళ కక్కుతది. నాలుగు గంటలు."

సూదులు బాగా బాధిస్తాయా అని అడిగాను.

"సూదులతోని తక్లీఫ్ లేదు, అలవాటైంది. చలితోనే సస్తున్న. నెత్తురు బయట తిరిగొచ్చేసరికి సల్లగైతది, పైనకెళ్ళి ఏసీ. మూడు గంటలకే పండ్లు టకటక కొట్టుకుంటయి. తియ్యి సిస్టర్, తియ్యి అని లొల్లి పెట్టుకుని దిగొస్త."

"శాలువా కప్పుకోవచ్చుగా?"

"కప్పుకుంటె సూదులున్న చెయ్యి మూసుకపోతది, సిస్టర్ ఒప్పదు. చెయ్యి బయటికి తీస్తె శాలువ జారుతది. స్వెట్టర్ చెయ్యి ఎక్కదు. మా ఆయన అంగీకి ఒక చెయ్యి కత్తిరించి ఏస్కపోయిన. సగం మనిషికి ఉడుకు, సగం మనిషికి చలి."

నేనొక స్వెటర్ అల్లి ఇస్తానన్నాను. ఆమె నిమ్మకాయలు ఏరడం ఆపి నా వైపు చూసింది. "ఊకనే ఇస్తె తీస్కోను."

ఆ మాట నాకు నచ్చింది. నేనైనా అదే అనేదాన్ని. "ఊరికే కాదు. కొలతలు ఇస్తావు, ఫొటో దిగుతావు. పత్రికలో వేస్తారు."

"గట్లైతె కొల్సుకో," అంది.

అల్వాల్ వెళ్ళే దారిలో ఉంది ఆమె వెళ్ళే డయాలసిస్ సెంటర్. కొలతలకు నేను అక్కడికే వెళ్ళాను, ఆ చేతి సంగతి తెలిసినవాళ్ళు అక్కడ ఉంటారని. జ్యోతి అనే సిస్టర్ నాకు ఓపిగ్గా అన్నీ చెప్పింది. నర్సమ్మ ఎడమ మోచేతి పైన ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలను కలిపారు. దాన్ని ఫిస్టులా అంటారు. రక్తం తీసే సూది, తిరిగి పంపే సూది, రెండూ అక్కడే గుచ్చుతారు.

"ఈ చేతికి ఏదీ బిగుతుగా ఉండొద్దు మేడం. గాజులు వేసుకోదు, వాచీ పెట్టుకోదు, మేం బీపీ కూడా ఈ చేతికి చూడం. పిసుకుడు పడితే నాళం మూసుకుపోతది. అది పోతే మళ్ళీ ఇంకోచోట ఆపరేషన్."

చెయ్యి మొత్తం భుజం నుంచి మణికట్టు దాకా తెరుచుకునేలా చేస్తానని, అల్లిన మెత్తటి నాడాలతో ముడి వేసుకోవచ్చని చెప్పాను. రంగు మెరూన్ అనుకుంటున్నాను, రక్తం పడినా కనబడదు అన్నాను.

"కనబడాలి మేడం," అంది సిస్టర్. "సూది దగ్గర లీక్ అయితే మాకు గది ఆ చివర నుంచే తెలవాలి. లేత రంగు పెట్టండి."

పదకొండేళ్ళుగా మరకలు దాచే రంగులు ఎంచుకుంటూ వచ్చినదాన్ని. మరక కనబడాలని రంగు ఎంచుకోవడం నాకు అదే మొదటిసారి. లేత పసుపు అనుకున్నాం.

తరవాత సిస్టర్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. నాలుగు గంటలు నిండకుండా దిగిపోవడం వల్ల నర్సమ్మ ఒంట్లో నీళ్ళు మిగిలిపోతున్నాయి. పోయిన నెలలో ఊపిరాడక ఆమెను మోసుకొచ్చారు. "డాక్టర్ సార్ గట్టిగానే చెప్పిండు మేడం, ఇట్లనే దిగిపోతుంటే ఇంకోసారి మనం అందుకోలేమని. ఆమె వినదు. చలి పెడితే మనిషి మాట వింటదా?"

ఆమె నవ్వుతూ చెప్పిన చలికి ఇంత అర్థముందని నాకు అప్పుడు తెలిసింది.

నేను టేపు తీశాను. నర్సమ్మ ఎడమ చెయ్యి చాపింది. మోచేతి పైన చర్మం కింద నాళం తాడులా ఉబ్బి, మెలిక తిరిగి ఉంది. ఎక్కడ తాకవచ్చో తెలియక ఆగిపోయాను. ఆమె నా రెండు వేళ్ళు పట్టుకుని తన చేతి మీద పెట్టుకుంది. నేను సాధారణంగా ఎవరినీ చెయ్యి పట్టుకోనివ్వను.

వేళ్ళ కింద ఏదో పరుగెడుతోంది. నాడిలా ఆగి ఆగి కొట్టుకోవడం కాదు. సన్నగా, తెరిపి లేకుండా, ప్రవాహంలో వేళ్ళు ముంచినప్పుడు నీళ్ళు ఒరుసుకుంటూ పోయినట్టు. ఒక మనిషి ప్రాణం ఇంత పైకి వచ్చి, ఒక్క పొర చర్మం కింద, ఎవరైనా ముట్టుకోగలిగేంత దగ్గరగా ఉండడం నేనెన్నడూ ఎరగను. వేళ్ళు తీయబుద్ధి కాలేదు.

"గుర్రుమంటుంది గద?" అంది నర్సమ్మ. "పొద్దుగాల లేవంగనే, దేవునికి మొక్కకముందు, దీన్ని పట్టి చూస్త. ఇది గుర్రుమంటుంటె నేనున్న. సప్పుడు బంద్ అయితె ఉరకాలె."

ఆ మనిషి దగ్గర పది సంవత్సరాలుగా నిమ్మకాయలు కొంటున్నాను. ఆమె కూర్చుని ఉండగా నేను నిలబడి మాట్లాడడమే తప్ప, పక్కన కూర్చోవడం ఆ రోజే.

స్వెటర్‌ను కింది నుంచి పైకి కాకుండా అడ్డంగా, ఒక చేతి అంచు నుంచి రెండో చేతి అంచు దాకా అల్లాలని నిర్ణయించాను. అలా అల్లితే చేతిని భుజానికి విడిగా అతకనక్కర్లేదు. కుడి చెయ్యి మామూలుగా, సన్నటి బిగువు పట్టీతో ముగుస్తుంది. ఎడమ చెయ్యి వెడల్పుగా, పొడవునా తెరుచుకుని ఉంటుంది. వీపు ఒక ముక్క, ముందు భాగాలు రెండు ముక్కలు.

ఇక్కడే నా తప్పు జరిగింది. సెంటర్‌లో కొలతలు రాసుకునేటప్పుడు అలవాటు కొద్దీ నోటు పుస్తకంలో బొమ్మను మిషన్ వైపు నుంచే గీశాను. అంటే కుడి ఎడమలు అప్పుడే తిప్పేశాను. ఇంటికి వచ్చి ఆ సంగతి మరిచిపోయి, మొదటి పాఠం ప్రకారం మళ్ళీ ఒకసారి తిప్పాను. రెండుసార్లు తిప్పిన బొమ్మ మొదటికి వచ్చింది. మూడు ముక్కలూ ఆ లెక్కనే అల్లాను. నెల రోజుల పని అది.

ముక్కల్ని గట్టిగా కలిపే ముందు దారంతో వదులుగా కుట్టి, మనిషికి తొడిగి చూడాలి. ఫిట్టింగ్ అంటారు. నేను పెట్టలేదు. జబ్బు మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకని అనుకున్నట్టు చెప్పుకోవచ్చు. నిజమేమిటంటే నా కొలత తప్పదని నా నమ్మకం. మేం చేసిన పనిని ఇంకొకరు సరిచూడడమనేది మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున స్వెటర్ తీసుకుని సెంటర్‌కు వెళ్ళాను. సిస్టర్ నర్సమ్మ బరువు చూసింది. గురువారం కూడా తొందరగా దిగిపోయినందువల్ల ఒంట్లో నీరు ఎక్కువగానే ఉంది. నర్సమ్మ పసుపు స్వెటర్ చూసి మురిసిపోయింది. ముందు ఎడమ చెయ్యే దూర్చింది. మణికట్టు దాటి రెండంగుళాలు వెళ్ళగానే సన్నటి పట్టీ పట్టేసింది.

"ఆగమ్మా, ఆగు. తియ్యి," అని సిస్టర్ పరుగున వచ్చింది.

కుడి వైపు చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా తెరుచుకుని, నాడాలు వేలాడుతూ ఉంది.

"గిదేంది దొరసాని," అంది నర్సమ్మ. "సూదులు ఈ చేతికి గుచ్చుతరు, తలుపు ఆ చేతికి పెట్టినవ్."

ఏం జరిగిందో నాకు క్షణంలో తెలిసిపోయింది. ఈ విద్య నేర్చుకునే పిల్లలు మొదటి వారంలో చేసే తప్పు. "తప్పు నాదే. విప్పేసి మళ్ళీ అల్లుకొస్తాను. పదిహేను రోజుల్లో తెస్తాను," అన్నాను. నిజానికి పదిహేను రోజులు చాలవు.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "పదిహేను దినాలంటె ఆరేడు సార్లు." నా వైపు తిరిగింది. "ఆరేడు సార్లు మళ్ళ వణకాల్నా?"

సిస్టర్ అటు తిరిగి ట్రేలో ఏదో సర్దుతోంది. నర్సమ్మ స్వెటర్‌ను ఒళ్ళో పరుచుకుంది. ఒక చెయ్యి లోపలికి పెట్టి లాగింది, రెండోది లాగింది. రెండు నిమిషాల్లో స్వెటర్ మొత్తం తిరగేసింది.

"అది రాంగ్ సైడ్ నర్సమ్మా," అన్నాను. "లోపలి వైపు. కుట్లన్నీ బయటికి కనబడతాయి."

"చంటిపిల్లలకు కొత్త అంగీ తిరగేసే తొడుగుతం గద దొరసాని, కుట్లు గుచ్చొద్దని. నా చెయ్యి సుత చంటిపిల్లనే."

"నలుగురిలో తిరగేసిన బట్ట ఎలా వేసుకుంటావు? నవ్వుతారు."

"నలుగురేంది, గీడ పదిమంది ఉన్నరు. అందరికి రెండేసి సూదులు గుచ్చి ఉంటయి. ఎవడు నవ్వుతడు?"

పక్క మంచం మీది పెద్దాయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: "నేను నవ్వుతనమ్మా. జెర నా సూదులు తియ్యనీ."

ఆమె తొడుక్కుంది. తిరగేసిన దుస్తులో ముందు భాగం ముందే ఉంటుంది, కుడి చెయ్యి ఎడమవుతుంది. తెరిచిన చెయ్యి సరిగ్గా ఆమె ఎడమ చేతి మీదికి వచ్చి కూర్చుంది. సిస్టర్ రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి భుజం నుంచి మోచేతి దాకా తడిమింది. "లోపల ఏం తగుల్తలేదు మేడం. అంతా నున్నగుంది. ఇట్లనే మంచిగుంది."

అప్పుడు నేనూ తడిమి చూశాను. తెరిచిన చేతి పొడవునా, ముక్కలు కలిపిన కుట్టు ఒకటి ఉంది. నేను అనుకున్న పద్ధతిలో అయితే ఆ కుట్టు లోపలి వైపు, ఉబ్బిన నాళానికి పక్కనే, నాలుగు గంటలపాటు ఒరుసుకుంటూ ఉండేది. అది ఇప్పుడు బయట ఉంది. నేను సరిగ్గా అల్లి ఉంటే ఆ స్వెటర్ తప్పుగా ఉండేది. కొలతలన్నీ తీసుకున్నాను, ఆ చేతిని ముట్టుకుని చూశాను, అయినా నాకు తట్టలేదు. ఆ చేతితో బతుకుతున్న మనిషికి రెండు నిమిషాల్లో తట్టింది.

ఆ రోజు నేను వెళ్ళిపోలేదు. స్టూలు వేసుకుని కూర్చున్నాను. సిస్టర్ నాడాలు విప్పి, పసుపు రెక్క రెండు వైపులా పరిచి, సూదులు గుచ్చింది. పారదర్శకమైన గొట్టంలో రక్తం పైకి ఎక్కింది, పక్కనున్న యంత్రం చుట్టూ తిరిగింది, ఇంకో గొట్టంలో దిగి చేతిలోకి వెళ్ళిపోయింది. ఒక్క పోగు నుంచి మొత్తం వస్త్రం దిగిరావడం రోజూ చూసే నాకు కూడా అది నమ్మశక్యం కాలేదు. మనిషిలో ఉన్న ఒకే ఒక పోగును బయటికి తీసి, శుభ్రం చేసి, తెగకుండా మళ్ళీ లోపలికి పంపుతున్నారు. ఆ గదిలో పదిమందికి అలాగే జరుగుతోంది. వాళ్ళు సినిమాల గురించీ, టమాటా ధర గురించీ మాట్లాడుకుంటున్నారు.

రెండు గంటలు నర్సమ్మ నాతో కబుర్లు చెప్పింది. తరవాత మాటలు తగ్గాయి. మూడో గంట దగ్గరపడుతుంటే నేను గోడ గడియారం చూడడం మొదలుపెట్టాను. సరిగ్గా మూడు గంటలకు సిస్టర్ అలవాటు కొద్దీ వచ్చింది.

"నర్సమ్మా, తియ్యాల్నా?"

సిస్టర్ వంగి మొహం చూసింది, తెర మీద బీపీ చూసింది. "నిద్రపోయింది," అంది నాతో, గొంతు వినబడకుండా పెదవులతో మాత్రమే.

ఆ చివరి గంట నేను కదలకుండా కూర్చున్నాను. నర్సమ్మ గురక పెడుతోంది. కుడి చెయ్యి గరుకు పసుపు అల్లిక కింద వెచ్చగా ముడుచుకుని ఉంది. ఎడమ చెయ్యి తెరిచిన రెక్క మధ్య, గది ఆ చివర నుంచి కూడా కనబడేలా పడుకుని ఉంది. నాలుగు గంటలు నిండాయి. బరువు చూసిన సిస్టర్ అంకె చెప్పకుండా ముందు నర్సమ్మ వీపు తట్టింది. "నీళ్ళన్నీ పోయినయమ్మా. నిండుగైంది ఇయ్యాల."

"నేను యాడ కూసున్న, నిద్రల కాలం పోయింది," అంది నర్సమ్మ.

పత్రికకు ఫొటోలు పంపాక సంపాదకురాలి నుంచి మర్యాదగా ఉత్తరం వచ్చింది. ఫొటోల్లో దుస్తు తిరగబడి ఉన్నట్టుంది, మళ్ళీ తీయించగలరా అని. అది కావాలనే చేశానని రాసేయడం చాలా తేలిక. ఎవరికీ తెలియదు. ఆ వాక్యం రాశాను కూడా. రెండు రోజులు దాన్ని బల్ల మీదే ఉంచుకున్నాను. మూడో రోజు చింపేసి, బొమ్మను రెండుసార్లు తిప్పానని, ఫిట్టింగ్ పెట్టలేదని, దుస్తును సరిచేసింది వేసుకున్న మనిషేనని రాశాను. ఆ ప్యాటర్న్‌లో రైట్ సైడ్, రాంగ్ సైడ్ అన్న మాటలు వాడనన్నాను. వాటి బదులు చేతి వైపు, గది వైపు అని రాశాను. ఆవిడ ఒక్క అక్షరం మార్చకుండా వేసింది. డిజైన్ చేసినవారి పేర్ల దగ్గర మా ఇద్దరి పేర్లూ పడ్డాయి. మా ఇంటిపేరు పక్కన ఇంకొకరి పేరు అచ్చులో ఉండడం మా వంశంలో అదే మొదలు. దాన్ని చూసినప్పుడు నా వీపు బిగుసుకోలేదు.

నర్సమ్మకు ఇప్పుడు అలాంటివి మూడున్నాయి. నాలుగు గంటలూ కూర్చుంటోంది.

ఆ తరవాత నా పనిలో రెండు అలవాట్లు వచ్చాయి. కొలతలు తీసేముందు, వేసుకునే మనిషి ఎడమ మణికట్టుకు ఒక రంగు పోగు వదులుగా కడతాను. బొమ్మలోనూ అక్కడే ఆ రంగు వేస్తాను. ఎంత చిన్న పనైనా ఫిట్టింగ్ లేకుండా ముక్కలు కలపను. ఇవి పని సంగతులు, ఎవరైనా నేర్పగలరు. నర్సమ్మ దగ్గర నేర్చుకున్నది వేరు. ఇదివరకు నేను టేపు తీసి, ఎక్కడ ఎంత వదులు కావాలని అడిగేదాన్ని. ఇప్పుడు టేపు తీయకముందే పక్కన కూర్చుని, ఇది మీ ఒంటికి ఎక్కడ తగలకూడదు అని అడుగుతున్నాను. ఆ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ ఆలోచించుకుని జవాబు చెప్పలేదు. అందరి చెయ్యీ వెంటనే ఆ చోటికే వెళుతుంది.